తొమ్మిది ముళ్ళ పిల్లి

బట్టలు ఆరేసుకునే తాడు తెగిపోతే మొన్న హార్డ్‌వేర్ షాపుకి వెళ్ళాను. షాపతను లోపలి నుంచి నీలం నైలాన్ దారం ఉండ తెచ్చి నా ముందు పడేశాడు. దాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాను. తాడు కొనడానికి వచ్చినవాళ్ళెవరూ చెయ్యని పని కాబట్టి అతను నావైపు అదోలా చూశాడు. చూడనీ. కొత్త నైలాన్‌కి ఒక వాసన ఉంటుంది, కొంచెం కిరసనాయిలు, కొంచెం ఎండ, కొంచెం కొత్త ప్లాస్టిక్ సంచి; అది తగిలితే చాలు, నాకు మళ్ళీ పదేళ్ళు వచ్చేస్తాయి, కొత్తవలసలో మా పిన్ని వాళ్ళ పెరటి గోడ పక్కన, సాయంత్రం నాలుగింటికి, ఒక పిల్లి కోసం గొంతుక్కూర్చుని ఉంటాను.

మాది సముద్రం ఊరు. భోగాపురం దాటి తూర్పుకి వెళ్తే సరుగుడు తోటల వెనక ఉంటుంది. వానలు పడ్డాక మా ఊరి మగవాళ్ళలో సగం మంది గుజరాత్ బోట్ల మీద పనికి వెళ్ళిపోయి, మళ్ళీ ఎండలు ముదిరాకే వచ్చేవారు. మా నాన్నా అంతే. ఆ ఏడు, అంటే రెండువేల పదమూడు ప్రాంతంలో, అక్కడ రొయ్యలు ఒలిచే షెడ్డులో ఆడవాళ్ళకీ పని దొరుకుతుందని అమ్మ కూడా తమ్ముణ్ణి చంకనేసుకుని నాన్నతో వెళ్ళింది. ఊళ్ళో బడి ఐదో తరగతి వరకే. అందుకని నన్ను కొత్తవలసలో పిన్ని దగ్గర దించేసి వెళ్ళారు. దించేసి అన్న మాట కావాలనే రాస్తున్నాను. ఆటో ఆగింది, నేను దిగాను, సంచీ దిగింది, ఆటో వెళ్ళిపోయింది.

ఊళ్ళో ఉన్నన్నాళ్ళూ నేను తాత వెంటే తిరిగేదాన్ని. వేటకి వెళ్ళే వయసు దాటిపోయిన తాత ఇసుకలో చాప వేసుకుని వలలు బాగుచేసేవాడు. దారాన్ని కాలి బొటనవేలికి తగిలించి, వల అల్లే చెక్కసూదిని అటూ ఇటూ పోనిస్తూ ముడి వెనక ముడి వేస్తుంటే, ఆయన చుట్ట వాసనా, ఎండబోసిన నెత్తళ్ళ వాసనా, అప్పుడే తడిసిన ఇసుక వాసనా కలిసి వచ్చేవి. నాకు ఆరేళ్ళకే వలముడి నేర్పాడు. "ముడి జారితే సేప పోతాది. సేప పోతే పోనీ, నా మనవరాలికి ముడెయ్యడం రాదంతారు" అనేవాడు. నాన్న గుజరాత్ వెళ్ళిన రోజున తాత ఇంటి గుంజకి ఒక దారం కట్టి, రోజూ పొద్దున్నే చుట్ట ముట్టించుకోకముందే దానికొక ముడి వేసేవాడు. కేలండరు చూడటం రాక కాదు, ముడి వేస్తే గడిచిన రోజు చేతికి తగులుతుందని. నాన్న తిరిగొచ్చిన రోజు ఆ దారాన్ని సముద్రంలో పారేసేవాడు. మా ఇంట్లో ఇదంతా మామూలే. ముళ్ళున్న దారాన్ని చూసి భయపడేవాళ్ళుంటారని నాకు తెలియదు.

పిన్ని ఇల్లు రైల్వే సైడింగు దగ్గర, గోడకి గోడ అతుక్కుని ఉన్న ఆరు పెంకుటిళ్ళ వరసలో రెండోది. బాబాయి లారీ మీద తిరిగేవాడు, వచ్చినప్పుడు ఒక పూట ఒళ్ళెరగకుండా పడుకుని వెళ్ళిపోయేవాడు. వాళ్ళకి అప్పటికి పిల్లల్లేరు. పిన్ని పొద్దున్నే అన్నం వండి గిన్నెల మీద మూతలు పెట్టి, బజారులో బట్టలు కుట్టే షాపుకి వెళ్తే దీపాలు పెట్టే వేళకి వచ్చేది. వస్తూనే "తిన్నావేటి?" అనేది. తిన్నానంటే సరే, లేదంటే తిట్టు. నడుము పడిపోయేలా కుట్టి వచ్చిన మనిషి, అంతకు మించి మాట్లాడే ఓపిక ఉండేది కాదు. నా గురించి ఎవరికైనా చెప్పాల్సి వస్తే "మా అప్ప కూతురు, సదువుకోడానికొచ్చింది" అనేది. ఆ మాటలో తప్పేమీ లేదు. విన్నప్పుడల్లా మాత్రం నా సంచీ ఎక్కడుందో ఒకసారి చూసుకునేదాన్ని.

ఆ వరస మొత్తం మీద కిరండూల్ నుంచి ఇనుప ఖనిజం మోసుకొచ్చే గూడ్సుల ఎర్రదుమ్ము ఉండేది. వానాకాలంలో పెంకుల మీంచి కారే నీళ్ళు ఎర్రగా కారేవి, తీగ మీద ఆరేసిన తెల్ల చొక్కా సాయంత్రానికి ఇటుక రంగుకి తిరిగేది. నాగుల చవితికి ఏ ఇంటి ముందు నుంచి నడిచినా చిమ్మిలి దంచుతున్న నువ్వుల వాసన వచ్చేది, పైడితల్లి పండగకి విజయనగరం వెళ్ళొచ్చినవాళ్ళు జీళ్ళు పంచేవారు, చలికాలంలో తేగలు, ఎండలు మొదలవగానే గొంతు గరగరలాడేదాకా జీడిమామిడి పళ్ళు. పెట్టడానికి అందరూ నాకూ పెట్టేవారు, అబద్ధం చెప్పకూడదు. కానీ తొక్కుడుబిళ్ళకి జట్లు ఎప్పుడో కుదిరిపోయి ఉండేవి, నన్ను ఎటు వెయ్యాలో వాళ్ళకీ తెలిసేది కాదు, నాకూ అడగడం చేతకాదు. బడి నుంచి వచ్చాక గట్టు మీద కూర్చుని గూడ్సు పెట్టెలు లెక్కపెట్టేదాన్ని. ముప్ఫై దాటాక లెక్క తప్పేది. తప్పిందని చెప్పేవాళ్ళు కూడా లేరు.

నన్ను కేకేసి పిలిచే మనిషి ఆ వరసలో ఒక్కతే, అయిదో ఇంటి నూకాలత్త. "ఒలే గుంటా, ఆ తలేటే? జడేసుకోకుండా బడికెలిపోతావేటి? ఇటు రా" అని గుమ్మంలో కూర్చోబెట్టి, జుట్టు ఊడొచ్చేలా లాగి జడ వేసేది. గుంట అంటే మా వైపు ఆడపిల్ల. నూకాలత్తకి నోరు పెద్దది. ఆరో ఇంట్లో, సైడింగు గట్టుని ఆనుకుని, ఒంటరిగా ఉండే సూరమ్మ మామ్మతో ఆవిడకి కాలవ నీళ్ళ దగ్గర ఎప్పుడూ తగువే. మామ్మ ఒకప్పుడు గాజుల గంప ఎత్తుకుని ఊళ్ళు తిరిగిందట. నేను వెళ్ళేసరికి కళ్ళకి శుక్లాలొచ్చి గడప దాటడం మానేసింది. ఆవిడ గొంతు విన్నానే గాని మనిషిని సరిగ్గా చూడలేదు.

పిల్లి దసరా సెలవుల తర్వాత వచ్చింది. పెరటి గోడ మీద కూర్చుని, నేను తింటున్న అన్నం వైపు కాదు, నావైపే చూసింది. బూడిద రంగు మీద నల్లచారలు, తెల్ల కాళ్ళు, తోక చివర చిన్న వంకర. రెండో రోజు గోడ దిగింది. మూడో రోజు నా మోకాలికి ఒళ్ళు రాసుకుంది. నాలుగింటికి వచ్చి, పిన్ని గుమ్మం తలుపు తోసే చప్పుడు వినగానే వెళ్ళిపోయేది. వారం తర్వాత ఒకరోజు పిన్ని పెందరాళే వచ్చి చూడనే చూసింది. "ఎవులి పిల్లికో మన కూడెట్టకు, రేపు వాలొచ్చి అడుగుతారు" అంది. నా మొహం చూసి ఏమనుకుందో, చెప్పులు విప్పుతూ, "ఎవులిదీ కాదని తేలితే ఉంచుకో. ఎలకలన్నా పోతాయి" అంది.

ఇంక నాకు ఆ ఊళ్ళో ఒక పని దొరికింది. ఆ పిల్లి ఎవరిదీ కాదని తేల్చాలి. తేలితే అది నాది. ఇంట్లో నాదంటూ ఒకటి ఉంటుంది.

తేల్చడం అనుకున్నంత తేలిక కాలేదు. పిల్లి బొద్దుగా ఉండేది. మా ఊళ్ళో పిల్లులన్నీ బొద్దుగానే ఉంటాయి, నెత్తళ్ళు ఎండబోసిన చోట కర్ర పట్టుకుని కూర్చున్న ముసలమ్మ ఒక కునుకు తీసిందంటే చాలు, పది పిల్లులకి పండగ; అక్కడ బలిసిన పిల్లి అంటే వేట బాగుందని అర్థం తప్ప దానికి ఇల్లుందని కాదు. ఆ లెక్కనే ఇక్కడా పట్టుకుని, బొద్దుగా ఉంటే ఏమైందిలే అనుకున్నాను. చేపలు దొరకని ఊళ్ళో పిల్లి ఊరికే బలవదని ఆలోచించలేదు. చెవులు చిరిగిలేవు, చెయ్యి ఎత్తితే బెదిరేది కాదు. తాత పంపిన కవ్వళ్ళ ఎండుచేపల్లోంచి ఒక తలకాయ తీసి పెడితే వాసన చూసి పక్కకి తోసేసింది, దాన్నే చిదిమి అన్నంలో కలిపితే శుభ్రంగా తినేసింది. అన్నంలో కలిపితేనే తినే పిల్లికి కలిపి పెట్టే చెయ్యి ఎక్కడో ఉందన్నమాట. ఆ సంగతి నాకు అర్థమైంది. అర్థం కానట్టు ఊరుకున్నాను.

చివరికి తాత దారం గుర్తొచ్చింది. వచ్చేటప్పుడు నా సంచీలో ఆయనొక చిన్న నీలం ఉండ పెట్టాడు. అందులోంచి మూరెడు కోసి, రెండు వేళ్ళు దూరేంత వదులుగా పిల్లి మెడకి కట్టి, వలముడి వేసి, మిగిలిన కొసని అలాగే వేలాడనిచ్చాను. ఇల్లున్న పిల్లయితే ఆ ఇంటివాళ్ళు దారం తీసేస్తారు, లేదంటే అలాగే వస్తుంది. వలముడి దానంతటది జారదు, చెయ్యి పడితేనే ఊడుతుంది. మర్నాడు పిల్లి దారంతోనే వచ్చింది. వేలాడే కొసకి ఒక ముడి వేశాను, వచ్చినందుకు. ఆ మర్నాడు ఇంకొకటి. అలా రోజుకొక ముడి, తాత నాన్న కోసం వేసినట్టే.

తొమ్మిది రోజుల్లో తొమ్మిది ముళ్ళయ్యాయి, దారం మీద ఎవరి చెయ్యీ పడలేదు. ఆదివారం అమ్మ గుజరాత్ నుంచి ఫోన్ చేసింది. "పిన్నినిబ్బందెట్టకు, బాగా సదువుకో" అని ఎప్పుడూ చెప్పేదే చెప్పింది. వెనక తమ్ముడు ఎందుకో పడీపడీ నవ్వుతున్నాడు. నాకో పిల్లి ఉందని చెప్పాను. ఉందని అంత గట్టిగా చెప్పడం అదే మొదటిసారి. ఆ సాయంత్రమే దానికి గవ్వ అని పేరు పెట్టాను. అప్పటిదాకా పేరు పెట్టకుండా ఎంత కష్టపడి ఉగ్గబట్టుకున్నానో నాకే తెలుసు.

మర్నాడు గవ్వ రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. అన్నం కలిపి కొబ్బరి చిప్పలో పెట్టి చీకటి పడేదాకా గోడ వైపు చూస్తూ కూర్చున్నాను, చీమలు పట్టాక పారబోశాను.

మూడో రోజు పొద్దున్న కుళాయి దగ్గర సంగతి తెలిసింది. బిందెలు వరసలో పెట్టి ఆడవాళ్ళు గొంతు తగ్గించి మాట్లాడుకుంటున్నారు. "సూరమ్మకి ఎవులో సిల్లంగెట్టేసారట. పిల్లి మెడకి తొమ్మిది ముళ్ళ తాడు కట్టి ఇంట్లోకి తోలేసారట" అంది ఒకామె. "ఎవులో ఏటి, పక్కింట్లోనే ఉన్నాది కదా" అంది ఇంకొకామె. మామ్మకి కళ్ళు ఆనక తన పిల్లి మెడలో తాడుని ఇన్నాళ్ళూ చూసుకోలేదట, పాలు పోసే ఆవిడ చూసి కెవ్వుమందట. దారాన్ని ఎండుమిరపకాయలతో కలిపి కాల్చేశారట. మామ్మ మంచం పట్టి రెండు రోజులుగా పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టడం లేదట. చిల్లంగి అంటే మా వైపు చేతబడి. ఆ మాట ఎవరి మీద పడితే వాళ్ళ గడప ఎవరూ తొక్కరు, కొన్నిచోట్ల అంతకంటే పాడుపనులే చేస్తారు. నూకాలత్త బిందె వరసకి దూరంగా ఒక్కటే ఉంది. అందరికీ జవాబు చెప్పే నూకాలత్త ఆ రోజు తల వంచుకుని, తన వంతు కోసం నిలబడింది.

ఆ దారం కట్టింది నేను. ఆ మాట నోటిదాకా వచ్చి ఆగిపోయింది. చెప్తే పిన్ని పరువు పోతుంది, నన్ను పంపించేస్తుంది, పంపిస్తే ఎక్కడికి వెళ్ళాలో తెలియదు. అమ్మా నాన్నా గుజరాత్‌లో, తాతకే పెదనాన్న ఇంట్లో కూడు. ఇంకొకటి కూడా ఉంది, అదే పెద్దది. చెప్తే పిల్లి మామ్మదని నా నోటితోనే ఒప్పుకున్నట్టవుతుంది. రెండు రోజులు నోరు మూసుకున్నాను. ఆ రెండు రోజులూ నూకాలత్త పిలవకపోయినా జడ కోసం ఆవిడ గుమ్మం ముందు నిలబడ్డాను. రెండో రోజున, "నా గుమ్మం తొక్కకే తల్లీ, నీకెందుకొచ్చిన గొడవ" అని తలుపు దగ్గరకి వేసేసింది. తలుపు సందులోంచి ఆవిడ కళ్ళు కనిపించాయి. అప్పుడిక ఉండలేకపోయాను.

ఆ మధ్యాహ్నం బడి ఎగ్గొట్టి, దారం ఉండ జేబులో వేసుకుని ఆరో ఇంటికి వెళ్ళాను. గుమ్మానికి వేపమండలు, లోపల మిరపకాయల ఘాటు ఇంకా పోలేదు. మామ్మ నులక మంచం మీద గోడవైపు తిరిగి పడుకుని ఉంది. మంచం కోడుకి పాత చీర పేలికతో కట్టి, గవ్వ. నన్ను చూస్తే లేచి వస్తుందనుకున్నాను. లేవలేదు. నావైపు ఒకసారి చూసి, ఎవరో వచ్చారన్నట్టు కళ్ళు మూసుకుంది. దాని పక్కన ఒక స్టీలు పళ్ళెం, అంచు మీద చుక్కలు చుక్కలుగా సూరమ్మ అని పేరు చెక్కించి ఉంది, అందులో పాలు కలిపిన అన్నం. నాకు ఏడుపు ఆగలేదు.

"మామ్మా, ఆ తాడు నానే కట్టేను" అన్నాను. మామ్మ ఇటు తిరిగింది. "నూకాలు పంపిందేటి నిన్ను?" అంది. కాదని ఎంత చెప్పినా నమ్మలేదు, చిన్నపిల్లలకి అన్ని ముళ్ళు వెయ్యడం ఎక్కడ వస్తుందంది. నేను మట్టి నేల మీద కూర్చుని, దారం బొటనవేలికి తగిలించి, తాతలాగే లాగి పట్టుకుని ముడి వేశాను. "ఇది శనివారం వచ్చినందుకు. ఇది ఆదివారం వచ్చినందుకు." తొమ్మిదీ వేసి, దారం ఆవిడ చేతిలో పెట్టాను. మామ్మ కళ్ళతో కాకుండా వేళ్ళతో చూసింది. ఒక్కొక్క ముడినీ తడుముతూ చివరిదాకా వెళ్ళి, మళ్ళీ మొదటికి వచ్చింది.

"నాలుగైతే సాలు, ఇదెక్కడికెలిపోతాదో అని రోజూ గుమ్మంలో కూకునేదాన్ని" అంది. "నీ కాడికా?" ఆ మాటలో కోపం లేదు. నేను ముక్కు తుడుచుకుంటూ నిలబడ్డాను. అప్పుడు మామ్మ మంచం మీద లేచి కూర్చుని, మసక కళ్ళు చికిలించి నా మొహంలోకి చూస్తూ అడిగింది. "ఎవులి గుంటవే నువ్వు?"

ఎంత చిన్న ప్రశ్న. నాన్న పేరు చెప్పొచ్చు, ఆయన ఇక్కడెవరికీ తెలియదు. పిన్ని పేరు చెప్పొచ్చు, నేను ఆవిడ గుంటని కాదు. పిల్లి గురించి నెల రోజులు నేను వెతికిన జవాబు, నా గురించి ఎవరైనా అడిగితే నా దగ్గర లేదు. బయటికి పరిగెత్తాను.

మర్నాడు పొద్దున్న మామ్మ కుళాయి దగ్గరికి వచ్చింది. గోడ పట్టుకుని, ఆగి ఆగి, చంకలో చిన్న బిందెతో. అందరూ తప్పుకుని దారిచ్చారు. ఆవిడ నూకాలత్త బిందె ఎక్కడుందని అడిగి, తన బిందెని దానికి ఆనించి పెట్టింది. క్షమించమనడం, కావలించుకోవడం లాంటివేమీ లేవు. నూకాలత్త ఒక్క క్షణం చూసి, తన బిందె పక్కకి జరిపి, మామ్మ బిందెని కుళాయి కిందకి తోసింది.

"మరా తాడెవులు కట్టేరు మామ్మా?" అన్నారెవరో. "ఓ గుంట కట్టింది, ఆటకి" అంది మామ్మ. "ఎవులి గుంట?" నేను పిన్ని వెనక, ఆవిడ కొంగు చాటున నిలబడి ఉన్నాను. మామ్మ నన్ను చూపించలేదు. కానీ నా జేబులోంచి ఆ నీలం దారం కొస వేలాడుతూనే ఉంది, పిన్ని దాన్ని చూసింది, నా మొహం చూసింది. అప్ప కూతురు, చదువుకోడానికొచ్చింది అంటుందని కళ్ళు మూసుకున్నాను.

"మా గుంటే" అంది పిన్ని. "నాలుగేత్తాను గాని, ఇంక ఒగ్గెయండి." వంతు వచ్చేసరికి బిందె నింపుకుని, నన్ను ముందుకి తోసుకుంటూ ఇంటికి తీసుకొచ్చింది.

ఇంటికొచ్చాక నిజంగానే వీపు మీద ఒకటి వేసింది. అప్పటిదాకా పిన్ని నా మీద చెయ్యి ఎత్తలేదు. ఎంత విసుగొచ్చినా పళ్ళు బిగబట్టి ఊరుకునేది, పరాయివాళ్ళ పిల్లని కొట్టకూడదు గనక. వీపు చుర్రుమంటుంటే వెక్కివెక్కి ఏడ్చాను, అందులో దెబ్బకి ఏడ్చింది కొంచెమే. మిగతాది ఎందుకో పిన్నికి తెలియదు, నాకూ అప్పుడు చెప్పడం రాదు. చోడి అంబలి గ్లాసులో పోసి నా ముందు పెట్టి, "తాగు" అని షాపుకి వెళ్ళిపోయింది.

గవ్వ మళ్ళీ రాలేదు. మామ్మ దాన్ని చాలా రోజులు కట్టే ఉంచింది, విప్పాక అది మా గోడ దారి మర్చిపోయింది. ఒకసారి సైడింగు గట్టు మీద కనిపించింది, ఎర్రదుమ్ములో తెల్ల కాళ్ళు ఎర్రగా చేసుకుంటూ. ఎప్పుడు చూసినా దాని కాళ్ళకి ఆ ఎరుపు ఉండేది. గట్టుని ఆనుకుని ఉన్న ఇంటి పిల్లి అని మొదటి రోజే తెలుసుకోగలిగేదాన్ని, చూడదలచుకోలేదు, అంతే. పేరు పెట్టి పిలిచాను. చెవి కూడా ఆడించలేదు, దానికి ఆ పేరు తెలియదుగా. నాలుగింటి నుంచి దీపాలు పెట్టే వేళ దాకా ఇల్లు ఎప్పటిలాగే ఖాళీగా ఉండేది, నేను ఎప్పటిలాగే గూడ్సు పెట్టెలు లెక్కపెట్టుకునేదాన్ని. ఎండాకాలంలో అమ్మ వచ్చి తీసుకెళ్ళింది. తమ్ముడు నన్ను చూసి అమ్మ వెనక్కి దాక్కున్నాడు.

కిందటి నెల ఆఫీసు పని మీద కొత్తవలసలో దిగితే ఒక గంట ఖాళీ దొరికింది. పిన్ని వాళ్ళు గాజువాక వెళ్ళిపోయి చాలా ఏళ్ళయింది, సూరమ్మ మామ్మ పోయిందని పిన్నే ఎప్పుడో ఫోన్లో చెప్పింది, నూకాలత్త సంగతి ఎవరికీ తెలియదు. ఆరు ఇళ్ళ వరస లేదు. కుళాయి లేదు. అక్కడ మూడంతస్తుల అద్దె ఇళ్ళు లేచాయి, ఇంటింటికీ గేటు, గేటు గేటుకీ కెమెరా. రెండో ఇల్లు ఉండాల్సిన చోట ఒక గేటు ముందు నిలబడ్డాను. చాలాసేపే నిలబడ్డాను. లోపలి నుంచి ఒకామె వచ్చి, చెత్తబుట్ట బయట పెట్టి, తలెత్తి నావైపు చూసింది. ఎవరి అమ్మాయివని అడుగుతుందనుకున్నాను. అడిగితే ఈసారి తడుముకోకుండా, ఇక్కడ బట్టలు కుట్టే పిన్ని ఉండేది, ఆవిడ గుంటని అని చెప్పేదాన్ని. ఆమె చేతిలో ఫోన్ మోగింది. మాట్లాడుకుంటూ లోపలికి వెళ్ళి, గేటు గడియ పెట్టుకుంది.